పాత రికో జీఆర్ కెమెరాలో స్నాప్ దూరం: 2 మీటర్లా, 1.5 మీటర్లా?

మోండా_మూల:
2013 నాటి రికో జీఆర్ సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నా. సాయంత్రాలు చార్మినార్ పక్కన గాజుల లాడ్ బజార్‌లో తిరిగి ఫొటోలు తీయాలి. స్నాప్ ఫోకస్, అంటే ముందే ఖాయం చేసుకునే ఫోకస్ దూరం, ఎంతకి పెట్టాలి? ఫోనుండగా ఇదెందుకని ఇంట్లో అడుగుతున్నారు, దానికీ జవాబు చెప్పండి.

ఎఫ్8_రావు:
2 మీటర్లు, ఎఫ్8. ఇంక ముట్టుకోకండి. ఎఫ్ అంటే లెన్సు రంధ్రం సైజు, అంకె పెరిగితే రంధ్రం చిన్నదై వెలుతురు తగ్గుతుంది, స్పష్టంగా వచ్చే దూరం పెరుగుతుంది. లెన్సు 18.3 మి.మీ. కాబట్టి సుమారు 1 మీటరు నుంచి వీధి చివరిదాకా స్పష్టంగా వస్తుంది. మెనూలో ఫుల్ ప్రెస్ స్నాప్ ఆన్ చేసి, బటన్ ఒకేసారి పూర్తిగా నొక్కాలి. సగంలో ఆగితే ఆటోఫోకస్ మొదలవుతుంది. వెలుతురు తగ్గితే అది తడుముకునేలోపు మనిషి దాటిపోతాడు. ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సార్ సున్నితత్వం) 400కి ఎండలో షట్టర్ 1/1600 సెకను వస్తుంది, నీడలో 1/200.

గాజులగల్లీ:
రావుగారూ, ఆయన అడిగింది సాయంత్రం గురించి. దుకాణాల లైట్లలో ఐఎస్ఓ 1600, ఎఫ్2.8 పెడితే 1/250 వస్తుందనుకుందాం. అదే ఎఫ్8 అయితే మూడు స్టాప్‌లు పోయి, అంటే వెలుతురు మూడుసార్లు సగమై, 1/30. నడిచేవాళ్ల కాళ్లు పొగలా వస్తాయి. ఎఫ్2.8లో 2 మీటర్లంటే 1.5 నుంచి 3 వరకే స్పష్టం, 1.5 అంటే 1.2 నుంచి 2. ఆ రద్దీలో మనుషులు మన మీదికే వస్తుంటారు. నా ఓటు 1.5కే.

ఎఫ్8_రావు:
ఐఎస్ఓ 6400 పెట్టండి, ఎఫ్8లోనే 1/125 వస్తుంది. నలుపు తెలుపులో ఆ గరుకే అందం. జపాన్ వీధి ఫొటోగ్రాఫర్ మొరియామా ఫొటోలు చూడలేదా?

చాయ్_బిస్కెట్:
ఫోన్లో ఇవేవీ అక్కర్లేదు భాయ్. కాస్త దూరం దాటితే దాదాపు అన్నీ ఫోకస్‌లోనే.

గాజులగల్లీ:
చవక ఎల్ఈడీ బల్బుల కింద ఫోన్లో అడ్డచారలు ఎప్పుడూ చూడలేదా? మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ బల్బులు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. ఫోన్ సెన్సార్ ఫ్రేమును వరసలవారీగా చదువుతుంది, అందుకే చారలు. జీఆర్‌లో షట్టర్ లెన్సులోనే ఉంది, ఫ్రేమంతా ఒకేసారి వెలుగు చూస్తుంది. ఒక ఫొటో కాంతిగా, ఇంకోటి మసకగా రావచ్చు గానీ చారలుండవు.

దుమ్ము_మచ్చ:
అన్నా, దూరం సంగతి తర్వాత. సెన్సార్ మీద దుమ్ముందేమో ముందు చూడు. లెన్సు బయటికి, లోపలికి పోతుంటే దుమ్ము గుంజుకుంటది. ఎఫ్16, ఎక్స్‌పోజర్ +1, స్నాప్ ఇన్ఫినిటీకి పెట్టి తెల్లగోడ దగ్గర్నుంచి తీయి, జూమ్ చేసి మూలమూలా చూడు. మచ్చలుంటే ఊదితే పోవు, కెమెరా విప్పాల్సిందే. ఎఫ్2.8లో అవి కనవడవు. నాకు అమ్మినోడు పంపిన శాంపిళ్లన్నీ ఎఫ్2.8వే.

ఎఫ్8_రావు:
ఈ లెక్కల్లో పడి అసలు సంగతి వదిలేస్తున్నారు. 2 మీటర్లలో మనం తీస్తున్నట్టు ఎవరికీ తెలియదు. ఆటోఫోకస్ లైటు ఆపేసి, శబ్దాలు తీసేసి, కెమెరా ఛాతీ దగ్గర పట్టుకుంటే చాలు. 1.5కి వెళ్తే కళ్లు కలుస్తాయి, నవ్వాలి, పలకరించాలి. అక్కడితో ఫొటో చచ్చింది.

గాజులగల్లీ:
ఆఁ, ఇప్పుడు బయటపడింది. ఇంతసేపూ 2 మీటర్లు, ఎఫ్8 అన్నది స్పష్టత కోసం కాదన్నమాట! గాజులు వేయించుకునే అమ్మాయి చెయ్యి దుకాణదారు గుప్పిట్లో ఉంటుంది. బొటనవేలు లోపలికి మడిచి, మెటికలు నొక్కి గాజు ఎక్కిస్తుంటాడు. ఆమె లేవలేదు, మొహం తిప్పుకోలేదు. అప్పుడు ఛాతీ దగ్గర్నుంచి నొక్కడం మీకు టెక్నిక్కు. నా ఫొటో కూడా అలాగే ఎవరి హార్డ్‌డిస్కులోనో ఉంది.

ఎఫ్8_రావు:
చార్మినార్ ముందు సెల్ఫీ తీసుకునేవాళ్లు వెనకున్న వాళ్లందరినీ అడుగుతున్నారా? అడిగితే పోజిస్తారమ్మా. పోజు పెట్టాక అది వీధి ఫొటో కాదు.

గాజులగల్లీ:
ముందు అడగమని ఎవరన్నారు? తీశాక స్క్రీన్ తిప్పి చూపించండి. వద్దంటే వాళ్ల ఎదుటే డిలీట్ కొట్టండి. అది చేయగలిగేది 1.5లోనే. 2 మీటర్ల నుంచి మీరు నడిచి వెళ్లిపోతారు, మీకు కావాల్సిందీ అదే.

చాయ్_బిస్కెట్:
ఫోన్ అన్నందుకు నన్ను తిట్టారు, ఇప్పుడు మీరిద్దరే కొట్టుకోండి.

దుమ్ము_మచ్చ:
అందరికీ స్క్రీన్ చూపిస్తే ఛార్జింగ్ ఆగది. డీబీ-65 బ్యాటరీకి 290 ఫొటోలని కంపెనీ లెక్క, పాతబడ్డదైతే అంత కూడా రావు. ఇంకోటి జేబులో పెట్టుకో.

మోండా_మూల:
గోడ ఫొటో తీశా. కుడివైపు పైన మూడు మచ్చలున్నాయి. సెన్సార్‌వా, గోడవా?

దుమ్ము_మచ్చ:
కెమెరా జెర జరిపి ఇంకోటి తీయి. ఫ్రేములో మచ్చలు అక్కడ్నే ఉంటే సెన్సార్‌వే.