ఇసుక బదులు కాపర్ స్లాగ్ వేస్తే నీళ్లు పైకి తేలుతున్నాయి, ఏం చేయాలి?

అందరికీ నమస్తే. ప్రాజెక్టు కోసం కాంక్రీటులో ఇసుకకి బదులు కాపర్ స్లాగ్ (రాగి తీసేటప్పుడు మిగిలే నల్లటి వ్యర్థం) 20, 40, 60 శాతం వేసి, బలం పరీక్షకి క్యూబులు పోస్తున్నాను. 20, 40 దాకా ఏ గొడవా లేదు, 40 దగ్గర 28 రోజుల బలం మామూలు ఇసుక కంటే కాస్త ఎక్కువే వచ్చింది. 60కి వచ్చేసరికి మాత్రం మౌల్డులో పోసిన పావుగంటకే పైన నీళ్లు తేలి, నల్లటి రేణువులన్నీ అడుక్కి దిగిపోయాయి, విప్పి చూస్తే పైభాగం గోటితో గీకితే రాలుతోంది!

స్లాగ్ గాజులా నున్నగా ఉంటుంది, నీళ్లు పెద్దగా పీల్చదు, అది తెలుసు. కానీ నేను బరువు లెక్కన మార్చాను. ఇసుక సాంద్రత 2.65 అయితే దీనిది 3.5 దాకా ఉంటుంది కదా, అంటే అదే బరువుకి తక్కువ ఘనపరిమాణం పడిందన్నమాట. అసలు తప్పు అక్కడే జరిగిందా? ఘనపరిమాణం లెక్కన మారిస్తే సరిపోతుందా, లేక నీళ్లు కూడా తగ్గించాలా? సన్న పొడి తక్కువైందని కొంచెం ఫ్లై యాష్ (బొగ్గు కాల్చినప్పుడు పొగతో పోయే మెత్తటి బూడిద) కలపమంటున్నాడు మా ఫ్రెండ్, వాడు చెప్పేవి సగం ఊహలే అనుకోండి.

బాటమ్ యాష్‌తో (బొగ్గు బాయిలర్ అడుగున మిగిలే గరుకు బూడిద) దీనికి పూర్తిగా రివర్స్, అది స్పాంజిలా నీళ్లు తాగేసి స్లంప్ (కాంక్రీటు ఎంత జారుగా ఉందో చెప్పే కొలత) పడిపోయింది. ఈ రెండూ కలిపి వాడి చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? బాటమ్ యాష్‌ని ముందే నానబెట్టి, పైతడి ఆరాక వేయాలా, పొడిగానే వేసి నీళ్లు పెంచాలా? చేత్తో చేసి చూసినవాళ్లు చెబితే బాగుంటుంది, వచ్చే వారం మళ్లీ పోయాలి, టెన్షన్‌గా ఉంది.