పిస్తోలు తూటాలకు గుర్తులు, కొన్నవారి దాకా ఆచూకీ: మన దేశంలో ఎంతవరకు సాధ్యం?

ప్రశ్న: నల్లకుంట న్యాయవిద్యార్థి

పెద్దలకు నమస్కారం. మా కళాశాలలో వచ్చే నెల జరగబోయే చర్చాపోటీలో "పిస్తోళ్లలో, రివాల్వర్లలో వాడే ప్రతి తూటాపైనా విడి సంఖ్య చెక్కించి, ఆ సంఖ్యను కొన్న వ్యక్తి పేరుతో నమోదు చేసే చట్టం రావాలి" అనే తీర్మానాన్ని సమర్థిస్తూ నేను మాట్లాడవలసి ఉంది. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణను చదివాను. అక్రమ రవాణాకు అందులో ఇచ్చిన నిర్వచనంలో, చట్టప్రకారం గుర్తులు వేయని తుపాకులతో పాటు గుర్తులు వేయని మందుగుండును కూడా చేర్చి, నేరం రుజువైతే 10 ఏళ్ల నుంచి యావజ్జీవం వరకు శిక్ష విధించారు. తయారీదారు నుంచి కొనుగోలుదారు వరకు తుపాకుల, తూటాల ఆచూకీ తీసే పద్ధతిపై నియమాలు చేసే అధికారం 44వ సెక్షన్ కింద కేంద్రానికి లభించింది. అయినా శంషాబాద్ విమానాశ్రయంలో ఎవరి సంచిలోనో ఒక తూటా దొరికిందన్న వార్త వచ్చినప్పుడల్లా, అది ఎక్కడిదో పోలీసులు ఆరా తీస్తున్నారన్న వాక్యం దగ్గరే ఆ వార్త ఆగిపోతుంది.

నా సందేహాలు ఇవి. ప్రస్తుతం మన దేశంలో తయారయ్యే తూటాపై ఏముంటుంది? దానిని బట్టి కొన్నవారి దాకా వెళ్లగలమా? అమెరికాలో, ఇతర దేశాలలో ఇటువంటి చట్టాలు చేశారా, చేస్తే వాటి గతి ఏమయింది? లైసెన్సుదారులపై పడే భారం గురించి ప్రత్యర్థులు అడిగితే ఏమి చెప్పాలి?

జవాబు: రామంతాపూర్ విశ్రాంత పరీక్షకుడు

తుపాకుల పరీక్షలో చాలాకాలం పనిచేసి విరమించుకున్నవాడిని కనుక మొదటి రెండు సందేహాలకు నేను సమాధానం చెబుతాను.

తూటా అంటే ఒకే వస్తువు కాదు. ఇత్తడి గొట్టం, దాని అడుగున దెబ్బ తగిలితే మందును అంటించే క్యాప్, లోపల మందు, కొనన గుండు కలిస్తే తూటా అవుతుంది. పేల్చినప్పుడు గుండు ముందుకు పోయి ఒంట్లోనో గోడలోనో దిగుతుంది. గొట్టం వెనుక మిగులుతుంది. గొట్టం అడుగున తయారీ కేంద్రం గుర్తు, బోరు (తుపాకీ నాళం లోపలి కొలత) వంటివి అచ్చు వేసి ఉంటాయి. పుణె దగ్గరి ఖడ్కీ కర్మాగారం సరుకుపై కనిపించే "కేఎఫ్" అక్షరాలు పాత పంచనామాలు చదివిన వారందరికీ తెలిసినవే. (2021 అక్టోబరులో ఆయుధ కర్మాగారాల బోర్డును ఏడు సంస్థలుగా విడదీశాక ఆ కర్మాగారం మ్యూనిషన్స్ ఇండియా కిందికి వచ్చింది.) ఆ అచ్చు ఆ కేంద్రంలో లక్షల తూటాలకు ఒకటే. అది ఏ కర్మాగారంలో పుట్టిందో చెబుతుంది గానీ, ఎవరు కొన్నారో చెప్పదు. లాట్ (ఒకే విడతలో తయారైన తూటాల గుంపు) సంఖ్య ఉండేది అట్టపెట్టెపైన. పెట్టె నుంచి బయటకు తీసిన తూటాకు ఆ సంఖ్యతో సంబంధం తెగిపోతుంది. శంషాబాద్ వార్తలు మీరు చెప్పిన చోటే ఆగిపోవడానికి ప్రధాన కారణం ఇదే.

గుర్తు వేసే పద్ధతులలో రెండింటిని మీరు కలిపివేయకుండా చూసుకోవాలి. కర్మాగారంలోనే గుండు అడుగునా గొట్టంపైనా లేజరుతో సంఖ్య చెక్కడం ఒకటి. తుపాకీలో క్యాప్‌ను కొట్టే సూదిమొనపై అతి సూక్ష్మంగా ఒక సంకేతాన్ని చెక్కి, పేల్చిన క్షణాన అది క్యాప్‌పై అచ్చుపడేలా చేయడం రెండవది. మొదటిది తూటా కొన్నవారిని చూపిస్తుంది; రెండవది తుపాకీ కొన్నవారిని చూపిస్తుంది. కాలిఫోర్నియా 2007లో చట్టం చేసింది రెండవదాని కోసం. ఆ సాంకేతికత పేటెంట్ల అడ్డు లేకుండా అందుబాటులో ఉందని ధ్రువీకరించి 2013లో దానిని అమలులోకి తెచ్చారు. ఆ తరువాతి పదేళ్లలో అటువంటి పిస్తోలును ఏ తయారీదారూ అక్కడి ఆమోదిత జాబితాలోకి తీసుకురాలేదు.

మన పరిస్థితికి ఆ రెండవ పద్ధతి అసలే సరిపోదు. పిస్తోలు పేలిన వెంటనే ఖాళీ గొట్టాన్ని బయటకు విసురుతుంది, రివాల్వరు మాత్రం తన చక్రంలోనే ఉంచుకుంటుంది. ఇక్కడ సాధారణ పౌరుడికి 9 ఎం.ఎం. నిషిద్ధ బోరు కావడం వల్ల, కాన్పూరులో తయారైన .32 రివాల్వరు చాలామంది లైసెన్సుదారుల చేతిలో కనిపిస్తుంది. దానితో కాల్చినవాడు దాన్ని జేబులో పెట్టుకొని వెళ్లిపోతే నేరస్థలంలో గొట్టమే దొరకదు. గుండుపై చెక్కిన సంఖ్య అయితే శవపరీక్షలో దొరకవచ్చు. సీసం ఎముకకు తగిలి ఎంత నలిగినా దాని అడుగుభాగం తరచుగా మిగులుతుంది కనుక, సంఖ్యను అక్కడ చెక్కాలన్న ఆలోచన అర్థం లేనిది కాదు.

జవాబు: నాంపల్లి న్యాయవాది

చట్టం సంగతి నేను చెబుతాను. పై జవాబులో సాంకేతికాంశాలు సవివరంగా వచ్చాయి కనుక వాటి జోలికి పోను.

అమెరికాలో ఈ విషయం ముందుకు సాగిన దానికంటే వెనక్కి నడిచిందే ఎక్కువ. 1968 నాటి కేంద్ర చట్టం తూటాల వ్యాపారి అమ్మకాల వివరాలు రాసుకోవాలని శాసించింది; 1986లో ఆ నిబంధనను, కవచాన్ని చీల్చే రకం తూటాలకు తప్ప, తొలగించారు. మీ తీర్మానానికి అచ్చంగా సరిపోయే ప్రతిపాదన కాలిఫోర్నియాలోనే 2005లో ఎస్‌బీ 357 అనే బిల్లుగా వచ్చింది. పిస్తోలు తూటాలన్నిటిపైనా సంఖ్య చెక్కాలన్న ఆ బిల్లు సెనేటు గడప దాటి, దిగువ సభలో ఆగిపోయింది. ఆ రాష్ట్రమే 2009లో వేరే దారిలో వెళ్లి, పిస్తోలు తూటాలు కొనేవారి వేలిముద్ర తీసుకోవాలని చట్టం చేయగా, 2011 జనవరిలో అక్కడి కోర్టు దానిని కొట్టివేసింది. ఏది పిస్తోలు తూటా, ఏది రైఫిల్ తూటా అన్న భేదం చట్టంలో స్పష్టంగా లేదన్నది ఆ తీర్పుకు ఆధారం. ఇది మీకూ వర్తించే ఆక్షేపణే. .22 తూటా పిస్తోలులోనూ పేలుతుంది, రైఫిల్లోనూ పేలుతుంది. మీ తీర్మానంలో "పిస్తోళ్లలో, రివాల్వర్లలో వాడే" అన్న మాట ఉన్నంతకాలం ప్రత్యర్థి మిమ్మల్ని అక్కడే పట్టుకుంటాడు.

తరువాత 2016 నవంబరులో అక్కడి ఓటర్లు ఆమోదించిన 63వ ప్రతిపాదన ఫలితంగా, 2019 జూలై 1 నుంచి తూటాలు కొన్న ప్రతిసారీ కొనేవారి పూర్వాపరాలు పరిశీలిస్తున్నారు. దానిని 2024 జనవరిలో ఒక ఫెడరల్ న్యాయమూర్తి రాజ్యాంగ విరుద్ధమన్నారు. 2025 జూలైలో అప్పీలు కోర్టులోని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2–1తో ఆయనతో ఏకీభవించింది. ఆయుధం ధరించడం అక్కడ రాజ్యాంగ హక్కు కనుక ఆ వాదం అక్కడ నిలుస్తుంది. మన దగ్గర తుపాకీ గానీ తూటా గానీ లైసెన్సు ఉంటేనే దగ్గర ఉంచుకోగలం. అందుచేత అమెరికా తీర్పులు చూపించి మనవారిని భయపెట్టే ప్రత్యర్థికి మీరు ఇచ్చే జవాబు సులభం.

అయితే విమానాశ్రయం కేసుల గురించి ఒక మాట. ఆయుధాల చట్టం కింద శిక్ష పడాలంటే, తన దగ్గర తూటా ఉందన్న ఎరుక నిందితుడికి ఉండాలని 1972 నాటి గున్వంత్‌లాల్ కేసు నుంచి సుప్రీంకోర్టు చెబుతూ వచ్చింది. తండ్రి పాత సంచి పట్టుకొని బయలుదేరిన కొడుకు, ఆ సంచి అట్టడుగున దొరికిన ఒక్క తూటా కోసం ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగవలసి వస్తోంది. తూటాపై సంఖ్య ఉండి, అది తండ్రి లైసెన్సు మీద కొన్నదని ఆ రోజే తేలితే, ఆ కేసు ప్రథమ దశలోనే ముగిసిపోవచ్చు. గుర్తు నేరస్థుడిని పట్టించడానికే అన్నట్లు అందరూ మాట్లాడతారు. నిర్దోషికి కూడా అది సాక్ష్యమేనన్న వాదాన్ని మీరు వదలవద్దు.

జవాబు: గచ్చిబౌలి షూటర్

ఈ చర్చలో లైసెన్సుదారుల గొంతు కూడా వినిపించాలని రాస్తున్నాను. 25 మీటర్ల పిస్తోలు సాధన చేసే మా వంటివారు కాల్చేది .22 తూటాలు. వాటిలో మంచి భాగం ఈలీ, ఆర్‌డబ్ల్యూఎస్ వంటి విదేశీ తయారీదారుల సరుకు. క్రీడాకారులు ఏడాదికి కొనదగిన .22 తూటాల పరిమితిని కేంద్ర హోంశాఖ 2020 ఫిబ్రవరిలో 1000 నుంచి 5000కు పెంచింది. ఇన్ని తూటాలకు విడివిడిగా సంఖ్య చెక్కాలని భారతదేశం అడిగితే, ఇంత చిన్న విపణి కోసం ఆ తయారీదారులు తమ యంత్రాలు మార్చుకుంటారని నేను అనుకోను. సరుకు రావడమే ఆగిపోతుంది. అంతర్జాతీయ పోటీలకు వెళ్లే పిల్లల సాధన దానితో కుంటుపడుతుంది.

ఇప్పటికే మా వివరాలు ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. ఆయుధ లైసెన్సుల జాతీయ సమాచార నిధిలో ప్రతి లైసెన్సుకూ విశిష్ట సంఖ్య ఉంది, కొన్న తూటాలు దుకాణదారు రిజిస్టరులోకి ఎక్కుతాయి. ఎన్నికలొస్తే తుపాకీ తీసుకెళ్లి ఠాణాలో అప్పగించేదీ మేమే. ఇంకొక చిక్కు చూడండి. కాల్పుల సాధన చేసే రేంజిలో రోజూ ఖాళీ గొట్టాలు బస్తాల కొద్దీ పోగవుతాయి. వాటిపై నా సంఖ్య ఉన్నప్పుడు, ఎవరో గుప్పెడు గొట్టాలు ఏరుకొనిపోయి ఒక నేరస్థలంలో చల్లితే, పోలీసులు ముందు నా ఇంటి తలుపు తడతారు.

విద్యార్థి గారు మేరీల్యాండ్ ఉదంతం కూడా చదవాలి. అమ్ముడైన ప్రతి కొత్త పిస్తోలు నుంచి ఒక ఖాళీ గొట్టాన్ని సేకరించి దాచాలని ఆ రాష్ట్రం 2000లో చట్టం చేసింది. 15 ఏళ్లలో 3 లక్షలకు పైగా గొట్టాలు, 50 లక్షల డాలర్ల ఖర్చు; ఒక్క కేసూ తేలలేదని 2015లో ఆ చట్టాన్నే రద్దు చేశారు.

ప్రశ్నించినవారి మలిమాట: నల్లకుంట న్యాయవిద్యార్థి

ముగ్గురికీ కృతజ్ఞతలు. మేరీల్యాండ్ ఉదాహరణ నా పక్షాన్ని బాగా దెబ్బ తీసేలా ఉంది. గుర్తు వేసిన తూటా నిజంగా ఎక్కడికైనా దారి చూపిన సందర్భం ఏ దేశంలోనైనా ఉందా?

జవాబు: రామంతాపూర్ విశ్రాంత పరీక్షకుడు

ఉంది, బ్రెజిల్‌లో. ముందుగా మేరీల్యాండ్ పోలిక ఇక్కడ అతకదని చెప్పాలి. అక్కడ దాచినవి సంఖ్యలు కావు, తుపాకీ సహజంగా వదిలే గీతల చిత్రాలు. లక్షల చిత్రాలలో ఒకదానితో మరొకటి సరిపోల్చడం ఎంత కష్టమో ఆ బల్ల ముందు కూర్చున్నవారికే తెలుస్తుంది. చదవగలిగిన సంఖ్య ఉంటే ఆ శ్రమే ఉండదు.

బ్రెజిల్ 2003లో చేసిన 10.826వ చట్టం, పోలీసులకు, సైన్యానికి అమ్మే తూటాల గొట్టం అడుగున లాట్ గుర్తు ఉండాలని, పౌరులకు అమ్మే పెట్టెలపై బార్‌కోడ్ ఉండాలని చెప్పింది. 2018 మార్చి 14న రియో నగర కౌన్సిలర్ మారియెల్ ఫ్రాంకోనూ ఆమె కారు డ్రైవరునూ కాల్చి చంపినప్పుడు, అక్కడ దొరికిన 9 ఎం.ఎం. గొట్టాలపై యూజడ్‌జడ్–18 అనే లాట్ గుర్తు కనిపించింది. ఆ లాట్‌ను 2006లో ఫెడరల్ పోలీసు శాఖకు అమ్మారు. 2015లో సావో పాలో రాష్ట్రంలోని ఒసాస్కో, బారువేరి పట్టణాలలో జరిగిన సామూహిక హత్యలలోనూ అదే లాట్ తూటాలు దొరికాయి. అంటే ప్రభుత్వ గిడ్డంగి నుంచి సరుకు కారిపోతోందన్న సంగతిని ఆ చిన్న అచ్చు బయటపెట్టింది. కానీ ఏ గిడ్డంగి, ఎవరి చేతి మీదుగా అన్నది చెప్పలేకపోయింది. నియమం ప్రకారం ఒక లాట్‌లో 10,000 తూటాలకు మించకూడదు. ఆ లాట్ దానికి ఎన్నో రెట్లు పెద్దది. గుర్తు పనిచేసింది, లాట్ హద్దు మీరడంతో దారి మధ్యలో తెగింది.

మన దేశానికి దీనిలో ఉన్న ప్రాముఖ్యం ఏమిటంటే, ఇక్కడి నేరాలలో వాడే తుపాకీ తరచుగా నాటుది. తపంచా అనే ఆ నాటు తుపాకీని ఏ పెరటి షెడ్డులోనైనా తయారుచేయగలరు, దానికి సంఖ్య ఉండదు, లైసెన్సు ఉండదు. కానీ దానిలో పెట్టే .315 తూటా గానీ, బీహారులోని ముంగేరులో దొంగచాటుగా తయారయ్యే పిస్తోలులో పెట్టే 7.65 ఎం.ఎం. తూటా గానీ సాధారణంగా షెడ్డులో పుట్టేది కాదు. క్యాప్, మందు, ఇత్తడి గొట్టం నమ్మకంగా కుదరాలంటే కర్మాగారం కావాలి. లైసెన్సుదారు కోటా నుంచో, దుకాణం నుంచో, ప్రభుత్వ నిల్వల నుంచో అది జారిపోయి ఉండాలి. తుపాకీ వైపు నుంచి ఆచూకీ దొరకని చోట తూటా వైపు నుంచి మాత్రమే దొరుకుతుంది. లైసెన్సు లేని తుపాకుల సమస్యను సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో స్వయంగా విచారణకు తీసుకున్న తరువాత కూడా, చర్చ తుపాకుల చుట్టూ తిరిగినంతగా తూటాల చుట్టూ తిరగకపోవడం నాకు ఆశ్చర్యంగానే ఉంది. పైగా .315 రైఫిల్ తూటా. పిస్తోలు తూటాలకే పరిమితమైన చట్టం దానిని తాకనే తాకదు.

షూటరు గారి అభ్యంతరంలో న్యాయముంది. రేంజిలో కాల్చే .22 సరుకును మినహాయించి, రేంజిలోని ఖాళీ గొట్టాలను తూకం వేసి అప్పగించే ఏర్పాటు చేస్తే సరిపోతుంది. సంఖ్య ఉన్న గొట్టం ఒక్కటే ఎవరినీ దోషిని చేయదు. విచారణ ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది, అంతే.

జవాబు: నాంపల్లి న్యాయవాది

పై జవాబును బట్టి విద్యార్థి గారు తీర్మానాన్ని యథాతథంగా సమర్థించడం కంటే, నిర్వాహకులు అనుమతిస్తే సవరణ కోరడం మేలు. "ప్రతి తూటాపైనా విడి సంఖ్య" అన్నదాని బదులు "గొట్టం అడుగున చిన్న లాట్ సంఖ్య, ఒక లాట్ ఒకే దుకాణానికి లేదా ఒకే పోలీసు యూనిట్‌కు మాత్రమే" అని పెట్టండి. "పిస్తోళ్లలో, రివాల్వర్లలో వాడే" అన్న విశేషణం తీసివేసి, బోరుల జాబితాను నియమాలకు వదిలేయండి. దీనికి కొత్త చట్టం అవసరం లేదు. మీరు చెప్పిన 44వ సెక్షన్ కింద ఒక నోటిఫికేషన్ చాలు. ప్రభుత్వ నిల్వలు దీని పరిధిలోకి రావాలా అన్న దానిపైనే ప్రత్యర్థులు గట్టిగా నిలబడతారు. ఆయుధాల చట్టంలోని 45వ సెక్షన్ ప్రభుత్వ ఆయుధాలను ఆ చట్టం నుంచి మినహాయిస్తుంది కనుక, ఆ సెక్షన్‌ను ముందుగా చదువుకొని వెళ్లండి.