జడ్చర్ల దగ్గర రెండెకరాలు: కొనొచ్చా?

నమస్కారమండీ. జడ్చర్ల నుంచి పది కిలోమీటర్ల అవతల రెండెకరాల మెట్ట భూమి బేరానికి వచ్చింది. పాసుపుస్తకం ఉంది, భూభారతిలో (తెలంగాణ భూ రికార్డుల పోర్టల్) పేరు సరిపోయింది. కానీ పాత పహాణీలో (ఊరి భూముల ఏటి రికార్డు) ఒక ఏడాది అనుభవదారు, అంటే భూమి ఎవరి సాగులో ఉందో రాసే గడిలో వేరే పేరు కనిపించింది. అమ్మేవాళ్లను అడిగితే "కౌలుదారులెండి" అని తేల్చేశారు. 30 ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) చాలా, లేక 1954-55 ఖాస్రా పహాణీ (పాత మూల రికార్డు) నుంచి తీయించాలా? అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చినది) అయితే రిజిస్ట్రేషన్ అయినా చెల్లదు కదా, అదే టెన్షన్.

పైగా పొలానికి పక్కవాళ్ల గట్టు మీదుగానే వెళ్లాలి. కాగితాల్లో బాట లేదు. ఊళ్లో వ్యవసాయ భూమి అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉండదని ఏజెంటు ఊరిస్తున్నాడు. అది సరే, అవసరానికి అమ్ముడుపోవాలిగా! కౌలు మీద వచ్చేది ఎఫ్‌డీ వడ్డీకి సాటి రాదు. ఆ వైపు కొన్నవాళ్లు ఉంటే, బాట హక్కు ఎలా రాయించుకున్నారో చెప్పగలరా?