క్లాసులో ప్యానెల్ వచ్చాక బోర్డు అక్కర్లేదా?

ఓ తండ్రి: మా వాడు ఎనిమిదో తరగతి. స్కూల్లో పెద్ద టచ్ ప్యానెల్ పెట్టాక పాఠాలు చాలావరకు వీడియోల్లోనే అయిపోతున్నాయి. అడిగితే అన్నీ అర్థమయ్యాయంటాడు. నోట్‌బుక్ తెరిస్తే ఒక్క లెక్కా పూర్తిగా ఉండదు. నాకు టెన్షన్‌గా ఉంది. మీరేమంటారు?

సైన్స్ టీచర్: ప్యానెల్‌ని తప్పుపట్టకండి సార్. గుండెలో కవాటాలు ఎలా తెరుచుకుంటాయో ఏళ్ల తరబడి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. అవి కదులుతుంటే చూసిన రోజు పిల్లలు అడిగినన్ని ప్రశ్నలు అంతకుముందెప్పుడూ అడగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి వాళ్లకు ట్యాబులిచ్చారు. ట్యూషన్ పెట్టించుకోలేని పిల్లలకు పాఠం మళ్లీ వినే వీలు దొరికింది కదా?

లెక్కల టీచర్: గుండె విషయంలో మీ మాట నిజం మేడమ్. కంటికి కనపడనిది చూపించడానికి వీడియోని మించింది లేదు. కానీ చేత్తో చేస్తేనే వచ్చేవి కొన్నుంటాయి.

పోయినేడు లంబ సమద్విఖండన రేఖ, అంటే ఒక రేఖాఖండాన్ని లంబంగా సరిగ్గా సగం చేసే గీత, ఆ పాఠం ప్యానెల్ మీద వేశాను. పైన రెండు చాపాలు, కింద రెండు చాపాలు, మధ్యలో గీత, క్షణాల్లో అయిపోయింది. అందరూ "వచ్చేసింది సార్" అన్నారు. మర్నాడు వృత్తలేఖినులు (కంపాస్‌లు) తెప్పించి 6 సెంటీమీటర్ల రేఖాఖండం ఇచ్చాను. ఒకమ్మాయి 2 సెంటీమీటర్ల వ్యాసార్థం తీసుకుంది. చాపాలు కలవలేదు. కాసేపు దిగులుగా చూసి, తనే కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయింది. 3 దాటాక కలిశాయి. వ్యాసార్థం రేఖాఖండంలో సగం కన్నా ఎక్కువ ఎందుకు తీసుకోవాలో ఆ పిల్లకి ఇక నేను చెప్పాల్సిన పని లేకపోయింది. వీడియోలో ఆ కొలత ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది, అందుకే ఈ ప్రశ్న పుట్టదు.

వీడియో వేస్తే సిలబస్ తొందరగా అవుతుంది, నేనూ ఆ ఆశకి లోబడ్డవాణ్ణే. కానీ పిల్లలకి తప్పు చేసే సమయం పోతోంది, అదే నా బాధ. బడుల్లో కంప్యూటర్లు విరివిగా వాడిన స్వీడన్ కూడా 2023లో మళ్లీ అచ్చు పుస్తకాలకి డబ్బు కేటాయించింది.

సార్, ఈ ఆదివారం మీ వాడి పక్కన కూర్చుని ఆ బొమ్మ గీయించండి. తప్పొచ్చినా వెంటనే చెప్పకండి.

ఓ తండ్రి: కంపాస్ బాక్స్ ఇప్పుడే తీయించాను మాస్టారూ. కొన్నది జూన్‌లో. వృత్తలేఖినికి ఇంకా పెన్సిలే బిగించలేదు.