ఐదుగురం, పదేళ్ల వాడకం: హార్స్‌పవర్ చూడాలా, మన్నిక చూడాలా?

పాలమూరు టీచర్:
అందరికీ నమస్కారం. ఇంట్లో అమ్మానాన్న, మేమిద్దరం, పాప. ఒకసారి కారు కొంటే పదేళ్లు నడపాలి, మధ్యలో మార్చే స్తోమత లేదు. రోజూ స్కూలుకు ఆరు కిలోమీటర్లు. నెలకోసారి హైదరాబాద్, అప్పుడప్పుడు కల్వకుర్తి మీదుగా అత్తగారి ఊరు దేవరకొండ వైపు, ఏడాదికోసారి శ్రీశైలం. మూడు చూస్తున్నాను: 115 పీఎస్ (హార్స్‌పవర్ లెక్కే) ఉన్న క్రెటా 1.5 టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే ఫ్యాన్) లేని పెట్రోల్, 116 పీఎస్ క్రెటా డీజిల్, 200 పీఎస్ ఎక్స్‌యూవీ700 టర్బో పెట్రోల్. పవర్ ఉన్నదే తీసుకోమని బావమరిది. పవర్ పెరిగితే రిపేర్లు పెరుగుతాయని నాన్న. మీరేమంటారు?

జడ్చర్ల హైవే:
సార్, మీ బావమరిది మాట వినండి. ఐదుగురు, సామాను, ఏసీ వేసుకొని ఆ రెండు లైన్ల రోడ్డు మీద వడ్ల లారీని దాటాలంటే టర్బో లేని పెట్రోల్ సరిపోదు. 115, 116 పక్కపక్కన చూసి రెండూ ఒకటే అనుకోకండి. పెట్రోల్‌కు ఆ 115 పీఎస్ వచ్చేది 6300 ఆర్‌పీఎం దగ్గర, అంటే ఇంజన్ నిమిషానికి 6300 చుట్లు తిరిగితేనే. అంతదాకా ఎవరు తొక్కుతారు? టార్క్, అంటే తిప్పే బలం, 144 ఎన్‌ఎం, అదీ 4500 దగ్గర. డీజిల్‌కు 250 ఎన్‌ఎం 1500 నుంచే అందుతుంది. ఎక్స్‌యూవీ700 టర్బో పెట్రోల్‌కు 1750 నుంచే 380. కాగితం మీద పీఎస్ చూసి కొంటే ఘాట్‌లో ఏడుస్తారు.

వనపర్తి వాసి:
మాది టర్బో లేని పెట్రోలే. శ్రీశైలం హాయిగా ఎక్కుతుంది.

నకిరేకల్ రైతు:
టీచర్ గారూ, నాన్న గారి మాటే కరెక్ట్. పాత ఇన్నోవా 2.5 డీజిల్ గుర్తుందా? 102 పీఎస్ మాత్రమే. ట్రావెల్స్ వాళ్లు లక్షల కిలోమీటర్లు తిప్పారు, ఇంకా తిప్పుతున్నారు. ఎందుకు? 2.5 లీటర్ల ఇంజన్ నుంచి 102 తీసుకుంటే లీటరుకు 41 పీఎస్ కూడా పడదు. మీరు చూసే ఆ టర్బో పెట్రోల్ రెండు లీటర్లలోంచి 200 పిండుతుంది, అంటే లీటరుకు 100. ఎంత పిండితే అంత వేడి, అంత ఒత్తిడి. టర్బో, ఇంటర్‌కూలర్, హై ప్రెషర్ ఫ్యూయల్ పంప్, వాటికి సెన్సార్లు. అన్నీ పాడయ్యే వస్తువులే. మొదటి మూడేళ్లు వారంటీలో ఏమీ తెలియదు. ఆ తర్వాత ఏడేళ్ల ఖర్చు మీ జేబులోంచే.

జడ్చర్ల హైవే:
అన్నా, ఆ పాత ఇన్నోవాకు కూడా టర్బో ఉంది. టర్బో ఉంటే పోతుందని ఎలా అంటారు? పైగా 200 పీఎస్ ఇంజన్ రోజంతా 200 ఇవ్వదు. మనం అడిగినంతే ఇస్తుంది. చిన్న ఇంజన్‌ను ఎప్పుడూ గొంతు మీద తొక్కి నడిపితే అది ముందు అరుగుతుంది.

సాగర్ రిటైర్డ్ ఇంజనీర్:
చిన్న లెక్క చెబుతాను. మనుషులతో కలిపి 1,800 కిలోల బండి, చదునైన రోడ్డు మీద గంటకు 80 వేగం. దానికి 20 పీఎస్ కూడా పట్టదు. అదే బండి నూటికి ఆరు ఎత్తున్న ఘాట్‌ను 40 వేగంతో ఎక్కితే సుమారు 22 పీఎస్. అంటే ఘాట్ కోసం 200 పీఎస్ అవసరం లేదు. దాటడం సంగతి వేరు. 60 నుంచి 90కి వేగం పెంచాలంటే చక్రాల దగ్గర ఎంత పవర్ అందితే అంత తొందరగా అవుతుంది. 80 పీఎస్‌కు ఐదు సెకన్ల పైన, 130 పీఎస్ అందితే మూడు సెకన్లకు కాస్త ఎక్కువ. తేడా అక్కడ ఉంది.

నకిరేకల్ రైతు:
చూశారా, ఘాట్‌కు 22 పీఎస్ చాలట. నేను చెప్పేది అదే.

జడ్చర్ల హైవే:
మీరు సగమే చదివారు. కింద రెండు సెకన్ల తేడా అని రాశారు కదా. ఇంకో లెక్క నేను చెబుతా. 2000 ఆర్‌పీఎం దగ్గర క్రెటా డీజిల్ 71 పీఎస్ ఇస్తుంది. పెట్రోల్ తన మొత్తం టార్క్ అక్కడే ఇచ్చిందనుకున్నా 41 దాటదు. అదే రోడ్డు, అదే కాలు, దాదాపు సగం.

నకిరేకల్ రైతు:
2000 దగ్గర ఎందుకు దాటుతారు? గేర్ దించండి. 4500 దగ్గర అదే పెట్రోల్ 92 పీఎస్ ఇస్తుంది. గేర్లు పెట్టింది అందుకే కదా.

జడ్చర్ల హైవే:
లారీ వెనక ఉన్నప్పుడు, ఎదురుగా బస్సు కనిపిస్తున్నప్పుడు, మూడో గేర్‌లో వేసి ఇంజన్ 4500కి ఎక్కేదాకా ఆగాలా? మా ఆవిడ నడుపుతుంది, మా నాన్న నడుపుతాడు. అందరూ మీలా గేర్లు చూసి నడపరు.

నకిరేకల్ రైతు:
నడపడం రాని వాళ్లకు 200 పీఎస్ ఇవ్వడం ఇంకా ప్రమాదం. మీకు స్పీడ్ పిచ్చి ఉంది, దానికి కుటుంబం పేరు పెడుతున్నారు.

హయత్‌నగర్ నుంచి:
అన్నా, మాటలు జాగ్రత్త. ఇద్దరూ పెద్దవాళ్లు.

మిర్యాలగూడ మిల్లు:
పవర్, మన్నిక తర్వాత. ఇప్పుడు బంకుల్లో ఈ20 పెట్రోలే, అంటే 20 శాతం ఇథనాల్ కలిపింది. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ. మైలేజీ తగ్గడం ఖాయం. డీజిల్ తీసుకోండి.

జడ్చర్ల హైవే:
స్పీడ్ పిచ్చి అన్నారు కాబట్టి చెబుతున్నాను, లేకుంటే చెప్పేవాణ్ని కాదు. మా దగ్గర ఇంతకుముందు చిన్న ఇంజన్ బండి ఉండేది. పెళ్లికి ఆరుగురం పోతున్నాం, అన్న నడుపుతున్నాడు. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు, ముందు ట్రాక్టర్. దాటుదామని బయటికి తీశాడు. కాలు పూర్తిగా నొక్కినా బండి గుంజలేదు. ఎదురుగా లారీ వచ్చింది. పక్కకు దింపితే కాలువలో పడ్డాం. అన్న కాలికి రాడ్ వేశారు, ఇప్పటికీ సరిగా కూర్చోలేడు. ఎవరో ఆ రెండు సెకన్లు కాగితం మీద లెక్క అనుకుంటే నాకు మండుతుంది. నేను 120లో పోను. 80 దాటను. నాకు ఆ రెండు సెకన్లు కావాలి, అంతే.

నకిరేకల్ రైతు:
తమ్మీ, అన్నకు అలా జరగడం చాలా బాధాకరం. ఆ రోడ్డు నాకూ తెలుసు. కానీ అంత తక్కువ జాగాలో దాటకుండా ఆగితే ఇంకా మేలు, ఎంత పవర్ ఉన్నా.

నా సంగతి కూడా వినండి. మేం కొన్నది మంచి పవర్ ఉన్న టర్బో బండి, కంపెనీ పేరు చెప్పను. వారంటీ అయిపోయిన కొన్ని నెలలకే చెక్ ఇంజన్ లైటు, తర్వాత పవర్ పూర్తిగా పడిపోయింది. 40 మించి పోదు. నల్గొండలో ఎవరికీ అర్థం కాలేదు. హైదరాబాద్ తీసుకుపోయాం. ఒకసారి టర్బో యాక్చుయేటర్ (టర్బో ఒత్తిడిని అదుపు చేసే భాగం) అన్నారు, ఇంకోసారి వైరింగ్ అన్నారు, పార్ట్ రావాలన్నారు. నెల దాటింది. అమ్మను ప్రతి వారం హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకుపోవాలి. కిరాయి బండ్లకు పెట్టిన డబ్బు ఒక పక్క, తిరగని బండికి ఈఎంఐ ఇంకో పక్క. చివరికి వాళ్లు 'ఇంజన్ బ్రహ్మాండంగా ఉంది సార్, సెన్సారే' అని చెప్పి పంపారు. ఇంజన్ బ్రహ్మాండంగా ఉంటే నాకేం లాభం? అమ్మ బస్సులో పోయింది.

జడ్చర్ల హైవే:
అంటే మీ గొడవ పవర్ మీద కాదన్నా. బండి ఆగితే దగ్గరలో బాగుచేసేవాడు లేడు, అది మీ గొడవ. పవర్ తక్కువున్న కొత్త బండికి కూడా సెన్సార్లు అన్నే ఉంటాయి.

నకిరేకల్ రైతు:
అన్నే ఉండవు. టర్బో లేని బండికి యాక్చుయేటర్ ఎక్కడిది? ఒక్క వస్తువు తక్కువైనా ఆగే అవకాశం ఒకటి తగ్గినట్టే. మీరు జడ్చర్లలో ఉన్నారు, గంటన్నరలో హైదరాబాద్. అక్కడ పెద్ద షెడ్లన్నీ మీకు అందుబాటులో ఉన్నాయి. లోపల ఊళ్లలో ఉండేవాళ్ల గురించి ఆలోచించండి.

జడ్చర్ల హైవే:
టీచర్ గారు కూడా మహబూబ్‌నగర్ టౌన్‌లోనే ఉన్నారు కదా. మీ ఊరి ఇబ్బంది చూపించి ఆయన్ను బలహీనమైన బండి కొనమనడం నేను ఒప్పుకోను.

నల్గొండ గ్యారేజ్:
ఇద్దరికీ నమస్తే. షెడ్డుకు వచ్చే బండ్లు చూసి రాస్తున్నాను. పీఎస్ వల్ల ఇంజన్ పోయిన బండి నా దగ్గరికి అరుదుగా వస్తుంది. పోయేవి వేరే కారణాలతో పోతాయి.

మన దగ్గర మొదటిది నీళ్లు. కూలెంట్ తగ్గిందని పొలం దగ్గర బోరునీళ్లు పోస్తారు. నల్గొండ నీళ్ల సంగతి తెలిసిందే కదా, ఇంట్లో గిన్నెకే తెల్లగా పొర కడుతుంది. రేడియేటర్ లోపల కూడా అదే పొర కట్టి, వేడి బయటికి పోక, ఎండాకాలం హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగం కింద ఉండే సీలు) పోతుంది. కూలెంట్ డబ్బా ఒకటి డిక్కీలో పెట్టుకోండి.

రెండోది దుమ్ము. క్వారీల దగ్గర, మట్టి రోడ్ల మీద తిరిగేవాళ్లు ఎయిర్ ఫిల్టర్ మాన్యువల్‌లో రాసిన దూరం కంటే ముందే మార్చాలి. టర్బో బండికి ఇది ఇంకా ముఖ్యం. ఘాట్ ఎక్కి దిగగానే ఇంజన్ ఆపకండి, ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచండి. వేడెక్కిన టర్బోకు ఆయిల్ తిరగాలి.

ఇక టీచర్ గారి ప్రశ్నలో అసలు ముఖ్యమైన అంకె ఎవరూ పట్టించుకోలేదు. రోజూ ఆరు కిలోమీటర్లు. మిర్యాలగూడ అన్న డీజిల్ అన్నాడు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ బండికి డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. పొగలోని మసిని అది పట్టుకుంటుంది. సుమారు 600 డిగ్రీల వేడి వస్తేనే ఆ మసి కాలుతుంది. దానికి హైవే మీద పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా నడవాలి. ఆరు కిలోమీటర్లలో ఆ వేడి రాదు. కాల్చడం మొదలై మధ్యలో ఆగితే, కొన్ని బండ్లలో డీజిల్ ఆయిల్‌లో కలిసి ఆయిల్ పల్చబడుతుంది. నెలకు ఒకసారి హైదరాబాద్ ట్రిప్ దానికి చాలదు. కాబట్టి ఈయనకు డీజిల్ వద్దు. ఎంత టార్క్ ఉన్నా వద్దు.

జడ్చర్ల హైవే:
ఇది మంచి పాయింట్. నేను హైవేలో తిరుగుతా కాబట్టి నాకు డీపీఎఫ్ వార్నింగ్ లైటు ఎప్పుడూ రాలేదు. అలా అయితే టర్బో పెట్రోల్.

నకిరేకల్ రైతు:
అలా అయితే టర్బో లేని పెట్రోల్.

సాగర్ రిటైర్డ్ ఇంజనీర్:
రెండింటి మధ్య ధర తేడా లక్షల్లో ఉంది. టర్బో పెట్రోల్ వద్దనుకుంటే మిగిలిన డబ్బులో కొంత ఎక్స్‌టెండెడ్ వారంటీకి పెట్టొచ్చు. అదే తీసుకుంటే ఆ వారంటీ లేకుండా తీసుకోవద్దు. టర్బో, ఇంజెక్టర్లు అందులో కవర్ అవుతాయో లేదో కాగితంలో చదవండి. నోటిమాట నమ్మొద్దు.

పాలమూరు టీచర్:
అందరికీ ధన్యవాదాలు. డీజిల్ తీసేశాను. ఆదివారం అమ్మానాన్న, పాపతో సహా అందరం కూర్చొని రెండు పెట్రోళ్లూ కల్వకుర్తి రోడ్డు మీద టెస్ట్ డ్రైవ్ చేస్తాం. మా ఆవిడ కూడా నడుపుతుంది. ఇక్కడి సర్వీస్ సెంటర్‌లో టర్బో స్కానింగ్ చేస్తారా, పార్ట్ ఎన్నాళ్లకు వస్తుంది అని ముందే అడుగుతాను.

నల్గొండ గ్యారేజ్:
ఏసీ ఫుల్ పెట్టి నడపండి. సేల్స్ అబ్బాయి ఆపేయమంటాడు, వినకండి.

జడ్చర్ల హైవే:
టర్బో లేని దాన్ని నాలుగో గేర్‌లో 60 నుంచి 90కి తొక్కి చూడండి, తర్వాత మూడులో. రెండింటికీ ఎన్ని సెకన్లు పట్టాయో ఇక్కడ రాయండి.

నకిరేకల్ రైతు:
మూడులో టైమే సరైనది. అది కూడా రాయండి.