బాబాయికి సింపుల్‌గా ఉండే ఫ్రీ మెయిల్ సాఫ్ట్‌వేర్ ఏది బెటర్?

అందరికీ నమస్తే. మా బాబాయ్ తెనాలిలో జీఎస్టీ రిటర్న్‌లు వేస్తుంటారు, రెండు మెయిల్ ఐడీలున్నాయి, రెండూ ఒకేచోట కనపడాలి, క్లయింట్లు పంపే బిల్లుల పీడీఎఫ్‌లు వెతికితే దొరకాలి, అంతే ఆయన కోరిక. పాత విండోస్ సిస్టమ్, డబ్బులు పెట్టి కొనే ఉద్దేశం లేదు.

థండర్‌బర్డ్ అనే ఫ్రీ మెయిల్ సాఫ్ట్‌వేర్ వేసిచ్చా. యూనిఫైడ్ ఫోల్డర్స్ పెడితే రెండు ఇన్‌బాక్స్‌లూ కలిసి వస్తున్నాయి, సెర్చ్ కూడా నాకైతే సూపర్. కానీ 2020లో వచ్చిన 78 వెర్షన్ నుంచి క్యాలెండర్ అందులోనే కలిపేశారు కదా, పక్కన చాట్, టాస్కులు, అడ్రస్ బుక్ అన్నీ చూసి ఆయన "ఇన్ని బొమ్మలెందుకురా, నాకు ఉత్తరాలు కనపడితే చాలు" అంటున్నారు. ఎడమవైపు స్పేసెస్ బార్ (ఆ బొమ్మల వరుస) దాచేశా, అక్షరాలు పెద్దవి చేశా, కొంచెం నయం.

ఇంకో ఫ్రీ మెయిల్ సాఫ్ట్‌వేర్ క్లాస్ మెయిల్ (Claws Mail) తేలికే గానీ అందులో రంగులు, బోల్డ్ పెట్టి మెయిల్ రాయడం కుదరదు, బాబాయేమో డ్యూ డేట్ ఎర్రగా రాయకపోతే క్లయింట్లు కట్టరంటారు (నిజమే కూడా!). గియరీ (Geary) అనే ఇంకోటి చూడ్డానికి నీట్‌గా ఉంది, కానీ అది విండోస్‌కి కాదు, లినక్స్ వాళ్లకి.

అసలు ఫీచర్లు తీసేయమని కాదు, వాడనివి కంటికి కనపడకుండా ఉంటే చాలు. థండర్‌బర్డ్‌లోనే క్యాలెండర్ మెనూలు కూడా పూర్తిగా దాచే దారుందా? లేక విండోస్‌లో ఇంకేదైనా ఫ్రీది, మీ ఇంట్లో పెద్దవాళ్లు రోజూ వాడుతున్నది ఉంటే చెప్పండి ప్లీజ్.