ఒకే ఇత్తడి తూటాని ఎన్నిసార్లు నింపి కాల్చొచ్చు? మా బావ ఇప్పటికి పదకొండుసార్లు కాల్చాడు

పర్లాకిమిడి_బావమరిది:
మాది పర్లాకిమిడి, గజపతి జిల్లా. మా అక్కాబావలు టెక్సాస్‌లో ఉంటారు. మొన్న వేసవికి వెళ్ళి నెలన్నర ఉండొచ్చాను. బావకి రైఫిల్ షూటింగ్ పిచ్చి, .308 రైఫిల్. కాల్చిన ఖాళీ తూటాలన్నీ ఏరుకొచ్చి, అడుగున కొత్త ప్రైమర్ (మందు అంటించే చిన్న మూత) కొట్టి, మందు పోసి, గుండు బిగించి మళ్ళీ వాడతాడు. అక్కడ అది మామూలేనట, గ్యారేజీలో మిషను కూడా ఉంది. ఒక డబ్బా మీద పెన్నుతో గీతలు పెట్టుకున్నాడు, లెక్కపెడితే పదకొండు. "ఇత్తడి కదరా, బిందె ఎన్నేళ్ళొస్తుంది?" అంటాడు. ఆ డబ్బాలో ఒకటి చేతిలోకి తీసుకుని చూస్తే అడుగుకి కొంచెం పైన చుట్టూ సన్నటి మెరుపు గీత కనిపించింది. అది చూసినప్పటి నుంచి నాకు టెన్షన్. అక్కకి చెప్తే గొడవ. అసలు దీనికి ఇన్నిసార్లు అని లెక్కేమైనా ఉందా?

బరంపురం_మాజీసిపాయి:
తమ్ముడూ, నింపడం గురించి నాకు తెలీదు, మేం చేయలేదు. ఫైరింగ్ అయ్యాక రేంజ్‌లో ఖాళీలన్నీ ఏరి లెక్కచెప్పి అప్పజెప్పడమే, ఒక్కటి తగ్గినా గడ్డిలో చీకటిపడేదాకా వెతికించేవాళ్ళు. ఇంకో మాట, ఇది చదివి ఇక్కడెవరూ ఉత్సాహపడొద్దు. మన దేశంలో లైసెన్స్ లేకుండా తూటా తయారీ 1959 ఆయుధాల చట్టం కింద నేరం, అందులోనూ మనవి ఎలాంటి జిల్లాలో తెలుసుగా. మీ బావ గుర్తుగా ఒక ఖాళీ తూటా ఇచ్చాడని బ్యాగులో వేసుకు రాలేదు కదా? ఎయిర్‌పోర్టులో సమాధానం చెప్పుకోలేక చస్తావ్.

రాయగడ_నుంచి_అరిజోనా:
నేను తొమ్మిదేళ్ళుగా నింపుకుంటున్నాను కాబట్టి చెప్తున్నా. లెక్క లేదు. .38 స్పెషల్ లాంటి తక్కువ ప్రెషర్ రివాల్వర్ తూటా అయితే ఇరవై ముప్ఫైసార్లు వచ్చినా వస్తుంది. పాత .303 రైఫిల్లో నాలుగోసారికే పోయినవి నా దగ్గరే ఉన్నాయి, ఎందుకంటే వాటి ఛాంబర్లు, అంటే తుపాకిలో తూటా కూర్చునే గదులు, వదులు. మీ బావ .308కి గరిష్ఠ ప్రెషర్ 62,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి అన్ని పౌండ్లు). కాల్చిన ప్రతిసారీ ఇత్తడి ఉబ్బి ఛాంబర్ గోడకి అతుక్కుంటుంది, అడుగు మాత్రం వెనక్కి జరుగుతుంది, ఆ మధ్యలో గోడ సాగుతుంది. తర్వాత మనం డైలో, అంటే తూటాని మళ్ళీ కొలతకి తెచ్చే అచ్చులో పెట్టి, భుజాన్ని (మెడ కింద ఏటవాలుగా ఉండే భాగం) మళ్ళీ కిందికి నొక్కుతాం. అవసరానికి మించి నొక్కితే మళ్ళీ కాల్చినప్పుడు మళ్ళీ అంత సాగాలి. ఇలా సాగి సాగి పల్చబడేది ఎక్కడనుకున్నారు, సరిగ్గా మీరు గీత చూసిన చోటే. అక్కడ తెగితే ముందు సగం ఛాంబర్లోనే ఇరుక్కుపోతుంది, వేడి గ్యాసు మొహం వైపు తన్నొచ్చు. రక్షణ కళ్ళద్దాలు లేకుండా కాల్చొద్దని చెప్పండి.

కానీ మెరుపు గీత కనిపించగానే పోయిందనుకోకండి, డై ఎక్కడిదాకా నొక్కిందో అక్కడ కూడా అలాంటి గుర్తే పడుతుంది. తేడా లోపల తెలుస్తుంది. పేపర్ క్లిప్ సాపు చేసి, కొన కొంచెం వంచి, లోపలికి దించి గోడ వెంట పైకీ కిందికీ లాగమనండి. కాలవలాగా గుంత తగిలిందా, ఆ డబ్బా మొత్తం చెత్తలోకే. మెడ దగ్గర, అంటే గుండు బిగించే మూతి దగ్గర చీలితే అంత ప్రమాదం కాదు, ఆ ఒక్కటీ పారేస్తే చాలు. ప్రైమర్ బొటనవేలితో నొక్కితేనే దిగిపోతుంటే అదీ అయిపోయినట్టే. భుజాన్ని అంగుళంలో వెయ్యింట రెండు మూడు వంతులకి మించి నొక్కకపోతే ఆయుష్షు బాగా పెరుగుతుంది.

కంచరి_వీధి:
తుపాకులు నాకు తెలీవు గానీ ఇత్తడి తెలుసు, మా తాత బుడితిలో చెంబులు కొట్టేవారు. బిందెతో పోలిక పెట్టాడే, అక్కడే మీ బావ పప్పులో కాలేశాడు. బిందె వాకిట్లో ఊరికే కూర్చుంటుంది, దాన్నెవరు రోజూ సాగదీసి నొక్కుతారండీ? ఇత్తడిని కొట్టే కొద్దీ బిగుసుకుపోతుంది, ఆపకుండా కొడితే అంచు ఫట్‌మని చీలుతుంది. అందుకే తాత మధ్యమధ్యలో కొలిమిలో కాల్చి మెత్తబరిచేవారు. తూటా మెడని కూడా అలా వేడిచేస్తారని చదివాను.

ఇంకోటి, వెనక బ్రిటిష్ సైన్యం తూటాలు మన దేశంలోనే వానాకాలం గుర్రపుశాలల్లో పెడితే కాల్చకుండానే పగుళ్ళిచ్చేవట. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా వల్లనని 1921లో తేల్చారు. కాబట్టి అమ్మోనియా కలిసిన పాలిష్‌తో తోముతున్నాడేమో అడగండి.

రాయగడ_నుంచి_అరిజోనా:
కంచరి_వీధి గారూ, సరిగ్గా చెప్పారు. ఒక్క ముక్క కలుపుతాను: వేడి మెడకీ భుజానికే. అడుగు మెత్తబడితే అసలు ప్రెషర్ని తట్టుకునే చోటే పోతుంది, అలాంటిదాన్ని మళ్ళీ వాడకూడదు.

పర్లాకిమిడి_బావమరిది:
అందరికీ థాంక్స్. మాజీసిపాయి గారూ, ఏమీ తేలేదండి, చాక్లెట్లు మాత్రమే తెచ్చాను. నిన్న రాత్రి వీడియో కాల్‌లో క్లిప్ పెట్టించాను. మొదటి మూడింటికీ ఏం తగల్లేదు, బావ నన్ను చూసి నవ్వుతూనే ఉన్నాడు. నాలుగోదానికి క్లిప్ ఆగింది. దాన్ని రంపంతో నిలువునా కోసి కెమెరాకి చూపించాడు, అన్నిచోట్లా మందంగా ఉన్న గోడ ఆ ఒక్కచోట కాగితంలా ఉంది. ఇంక నవ్వలేదు. డబ్బా మొత్తం పాత ఇత్తడి కింద అమ్మేస్తానన్నాడు. వెనకనుంచి అక్క "ఏంటదీ?" అంటే "ఏం లేదు, కుళాయి పైపు" అన్నాడు.